జీపు కింద పడుకున్న రెండేళ్ళు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న మా మాస్టార్లకు, టీచర్లకు, ముందు వరుసలో కూర్చున్న సీనియర్లకు, వెనక వరుసలో అప్పటిలాగే కబుర్లు చెప్పుకుంటున్న మా బ్యాచి వాళ్ళకు నమస్కారం.

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "డాక్టర్లు ఆరోగ్యం మీద మాట్లాడుతున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు అమెరికా మీద మాట్లాడుతున్నారు. మీరు రిటైరయ్యాక ఇంటి దగ్గర ఏదో పాత జీపు బాగుచేశారట కదా, దాని గురించి పావుగంట చెప్పండి. భోజనాల ముందు కాబట్టి తేలిగ్గా ఉంటుంది" అన్నారు. తేలిగ్గా చెప్పడానికే చూస్తాను. పావుగంట మాత్రం హామీ ఇవ్వలేను.

బండి 1989 నాటి మహీంద్రా ఎంఎం 540. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. ఇంజను పెజో వాళ్ళ డీజిలు, 2112 సీసీ, అరవై పైచిలుకు హార్స్‌పవర్. ఈ రోజుల్లో చిన్న కారుకు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ జీపు కొన్నాళ్ళు ఏజెన్సీలో జనాన్ని మోసి, ఆ తర్వాత ఒక చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ నిలబడి ఉంది. లక్షా నలభై వేలకు తెచ్చాను. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి చూసి, "ఇది ఇంట్లోకి వస్తుందా, లేక దీన్ని ఇంట్లోకి మోసుకురావాలా?" అంది. మోసుకునే వచ్చాం. క్రేను లారీ మీద.

జీపు అనే మాట ఇప్పుడు మనకి తెలుగే అయిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసిన ఆ చిన్న బండిని యుద్ధం అయ్యాక మహీంద్రా వాళ్ళు 1947లో ఇక్కడ బిగించడం మొదలెట్టారు. తర్వాత ఇంజను మారింది, పొడవు పెరిగింది, పేర్లు మారాయి. కానీ నిచ్చెనలాంటి చాసిస్, ముందూ వెనకా కమాన్ కట్టలు, పక్కన ట్రాన్స్‌ఫర్ కేసు అనే అసలు ఎముకల గూడు మాత్రం అదే. పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో బస్సు పోని చోటికి బియ్యం, ఉప్పు, పురిటి నొప్పుల మనిషి, ఎన్నికల పెట్టె అన్నీ దాని మీదే వెళ్ళాయి. ఇవాళ్టికీ బొర్రా గుహల దగ్గర దిగి కటికి జలపాతానికి వెళ్ళాలంటే పాత జీపే ఎక్కుతాం. ఎక్కేటప్పుడు ఎవరం దాని అడుగుభాగం చూడం. నేను చూసింది చెప్తాను.

బండిని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, కింద చాప వేసుకుని పడుకుని, చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోయాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. స్టీలు ప్లాంటు మెయింటెనెన్సులో ఇన్నేళ్ళు చేసినందుకు నాకు మిగిలిన విద్యల్లో ఇదొకటి. ఎడమ పక్క అంతా బాగానే పలికింది. కుడి పక్క, స్టీరింగు బాక్సు బిగించే చోటికి వచ్చేసరికి బొద్దు. అక్కడ నల్ల పెయింటు నున్నగా, కొత్తగా ఉంది. స్క్రూడ్రైవరుతో గీరితే పెయింటు కింద లప్పం, లప్పం కింద ఒక రేకు ముక్క. ఆ రేకు కింద చాసిస్ చీలింది. నా అరచేయంత పొడుగు చీలిక.

స్టీరింగు తిప్పిన బలమంతా ఆ చోటే భరించాలి. అది పూర్తిగా తెగితే చేతిలో స్టీరింగు ఉంటుంది, చక్రాలు మాత్రం వాటి ఇష్టం. ఆ స్థితిలో ఆ బండి పదేసి మందిని ఎక్కించుకుని కొండ ఎక్కి దిగింది. ఎవరు ఆ రేకు అతికారో నేను వెతకలేదు, పేరు తెలిసినా చెప్పను. కూలి గిట్టక, బండి ఒక్కరోజు ఆగితే పొయ్యి వెలగని ఇంట్లో ఎవరో ఆ పని చేయించుకుని ఉంటారు. అయినా ఆ లప్పం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే పాత బండి బాగుచేయడం అనగానే మా కుర్రాళ్ళు పెద్ద టైర్లు, టర్బో ఇంజను, ముందు వించి, పైన లైట్ల వరస అని మొదలెడితే నేను ఒక్క ప్రశ్న వేస్తాను. "చాసిస్‌ని సుత్తితో కొట్టావా?"

మన బడి కిటికీ ఊచలు గుర్తున్నాయా? రెండేళ్ళకోసారి రంగు వేసేవాళ్ళు, మూడో ఏడు పొరలు పొరలుగా ఊడిపోయేవి. ఎందుకో మన సైన్సు మాస్టారు బోర్డు మీద రాశారు. ఇనుము, నీరు, ఆక్సిజను కలిస్తే తుప్పు. ఉప్పు తోడైతే దాని పని పరుగు. సముద్రం పక్కన ఉన్న మనకి ఆ ఉప్పు గాలిలోనే వస్తుంది. అయితే జీపుని తినేది బయటి గాలి ఒక్కటే కాదు. చాసిస్‌లో పెట్టెలా మూసిన చోట్ల లోపలికి బురద చేరి, ఆ బురద ఎప్పుడూ తడిగా ఉండి, లోపల్నుంచి తింటుంది. బయట మీరు ఎంత రంగు వేసినా లోపల దాని భోజనం దానిదే.

ఈ ఊరి అదృష్టం ఏమిటంటే తుప్పుతో పోరాడటం తెలిసినవాళ్ళు ఇక్కడ వీధికొకరు దొరుకుతారు. 1948లో జల ఉష నీళ్ళలోకి దిగిన ఊరు మనది. ఓడలకు రంగు వేసే పద్ధతినే నేను జీపుకి వాడాను. బాడీ విప్పి, చాసిస్ ఒక్కదాన్నే శాండ్ బ్లాస్టింగుకి పంపాను. దానికి ముందు మంచినీళ్ళతో రెండుసార్లు కడిగించాను. ఇది చాలామంది వదిలేస్తారు. ఉప్పు కణాలు రంగు కింద ఉండిపోతే అవి తేమని లాక్కుని, ఆరు నెలలకే బొబ్బలు లేపుతాయి. ఇసుకతో కొట్టాక ఇనుము వెండిలా మెరుస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ మన ఊరి గాలిలో దాన్ని చూస్తూ కూర్చోవడానికి లేదు, కొన్ని గంటల్లోనే ఎర్రబారుతుంది. అదే పూట జింకు ఎక్కువున్న ఎపాక్సీ ప్రైమరు పడాలి. జింకు తాను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగించేది కూడా ఇందుకే. సైన్సు మాస్టారికి నేను అప్పుడు పరీక్షలో ఇది రాయలేదు. ఇప్పుడు రాశాననుకోండి.

చీలిక సంగతి. దాని మీద ఇంకో రేకు వేసి వెల్డింగు చేసేస్తే చీలిక ఆగదు, రేకు కింద దారి చూసుకుంటుంది. చీలిక కొస ఎక్కడుందో కనిపెట్టి అక్కడ చిన్న గుండ్రటి రంధ్రం వేయాలి. పదునైన కొస దగ్గర పోగుపడే ఒత్తిడి గుండ్రటి అంచు చుట్టూ పరుచుకుంటుంది. తర్వాత చీలిక పొడుగునా వి ఆకారంలో గాడి తీసి, లోతుకంటా నింపాలి. ఆ పైన వేసే పలక డైమండు బిళ్ళ ఆకారంలో కోయాలి. చాసిస్‌కి అడ్డంగా నిట్టనిలువు వెల్డింగు గీత ఎప్పుడూ వేయకూడదు, తర్వాత తెగితే సరిగ్గా ఆ గీత పక్కనే తెగుతుంది. రాడ్డు 7018, పొయ్యిలో వేడిచేసి పొడిగా ఉంచినది. వానాకాలం విశాఖలో రాడ్డు పాకెట్టు విప్పి పక్కన పెడితే గంటల్లోనే తేమ పీలుస్తుంది, ఆ తేమలోని హైడ్రోజను వెల్డింగుని పెళుసు చేస్తుంది. ఇదంతా కలిపి రెండు రోజుల పని. రేకు అతకడం అరగంట పని. ఆ తేడాలోనే పదిమంది ప్రాణం ఉంది.

రెండోది బ్రేకులు. ఇక్కడ ఫిజిక్సు మాస్టారి అనుమతితో ఒక లెక్క. బండి, మనుషులు, సామాను కలిపి 1500 కిలోలు అనుకుందాం. గాలికొండ దగ్గర్నుంచి శృంగవరపుకోట వైపు దిగుతున్నాం, వెయ్యి మీటర్ల ఎత్తు దిగుతాం అనుకుందాం. ఎంజీహెచ్. 1 కోటి 47 లక్షల జౌళ్ళు. ఆ శక్తి ఎక్కడికో పోవాలి. దానితో 30 డిగ్రీల దగ్గరున్న 50 లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. ఇంజను, గాలి కొంత మింగుతాయి. గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగేవాడు ఉన్నాడే, డీజిలు మిగులుతుందని, వాడు ఆ వేడి దాదాపు మొత్తం నాలుగు డ్రమ్ముల్లో పోస్తున్నాడన్నమాట. డ్రమ్ము లోపల వేడి తొందరగా బయటకి పోదు. లైనింగు జారడం మొదలవుతుంది, ఆ తర్వాత బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అదే ఆయిలు గాలిలో తేమ పీల్చుకుని పాతబడితే 140కే మరిగిపోవచ్చు. మరిగితే పైపులో ఆవిరి. ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. మన ఊరి తేమలో రెండేళ్ళకోసారి ఆ ఆయిలు మార్చడం ఇంజను ఆయిలు మార్చడం కన్నా ముఖ్యం అని నా అభిప్రాయం. ఎవరూ మార్చరు.

నేను చేసిన అసలు అప్‌గ్రేడు ఇదే. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, అవి బొలేరోవి, సరిపోతాయి. పాత జీపుల్లో బ్రేకు పైపులన్నీ ఒకే దారి, ఎక్కడ ఒక పైపు పగిలినా మొత్తం పోయేది. ముందుకి వేరు, వెనక్కి వేరుగా పనిచేసే మాస్టరు సిలిండరు పెట్టాను. పెడల్‌కి బలం చేర్చే బూస్టరు పెట్టాను. అయితే పెట్రోలు ఇంజనులో లోపలికి పోయే గాలిని నొక్కిపట్టే మూత ఉంటుంది, డీజిలులో మామూలుగా ఉండదు, అందుకని బూస్టరుకి కావలసిన వాక్యూమ్ దానంతటది పుట్టదు. ఆల్టర్నేటరు వెనక చిన్న పంపు ఉన్నది తెచ్చి బిగించాలి. ఈ పంపు సంగతి చూసుకోకుండా బూస్టరు ఒక్కటే పెట్టి, పెడల్ ఇంకా గట్టిపడిందేమిటని తిరిగేవాళ్ళని ఇద్దర్ని చూశాను.

మూడోది లైట్లు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంటే బల్బు దగ్గర 10.2 వచ్చింది. మిగతాది ముప్పై ఏళ్ళ నాటి సన్న వైరూ, డాష్‌బోర్డు మీది స్విచ్చీ తినేస్తున్నాయి. వోల్టేజి ఐదో వంతు తగ్గితే వెలుగు ఐదో వంతు కాదు, దాదాపు సగం పోతుంది. కొత్త లైట్లు కొనలేదు. రెండు రిలేలు, నాలుగు మీటర్ల లావుపాటి వైరు. డిసెంబరులో అరకు మంచులో పాత లైట్లే కొత్తవాటిలా వెలిగాయి. మొత్తం ఖర్చు ఎనిమిది వందలు. నేను పెట్టిన డబ్బులో ఇంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

ఇంజను జోలికి పోలేదు. కొత్త కామన్ రైలు ఇంజను ఎక్కించమని సలహా ఇచ్చినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. రెట్టింపు బలం వస్తుంది, నిజమే. ఆ బలాన్ని మోయాల్సింది పాత గేరుబాక్సు, పాత యాక్సిలు. పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజను మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి కావాలి. పెద్ద టైర్లు కూడా వేయలేదు. 28 అంగుళాల ఎత్తు టైరు తీసి 31 వేస్తే బండి దర్జాగా ఉంటుంది. కానీ ప్రతి గేరులోనూ లాగే బలం పదో వంతు తగ్గుతుంది, బ్రేకుకి పని పెరుగుతుంది. దర్జా కోసం బ్రేకుని తగ్గించుకోవడం నాకు నచ్చలేదు.

ఇక కాగితాలు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. నాలుగు చక్రాల బండికి దాని ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025లో 10,000 చేశారు. పాత బళ్ళు రోడ్డు మీద తగ్గాలన్నది ప్రభుత్వం ఉద్దేశం. ఆ లప్పం చూసినవాణ్ణి కాబట్టి నేను ఆ ఉద్దేశాన్ని తప్పు పట్టను. నా గొడవంతా ఒక్కటే. ఫిట్‌నెస్‌కి వెళ్ళిన బండి అద్దం తుడుచుకుని, హారను కొట్టి, కొత్త రంగుతో వెళ్తుంది. కింద పడుకుని సుత్తితో కొట్టి చూస్తే సగం బళ్ళు ఆ రోజే ఆగిపోతాయి, మిగతా సగం ఇంకో ఇరవై ఏళ్ళు నిశ్చింతగా తిరుగుతాయి. వయసు చూడటం కన్నా చాసిస్ చూడటం కష్టం, అంతే.

రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. బండి ధర కాక మూడు లక్షల ఎనభై వేలయింది. ఆ లెక్క మా ఆవిడ దగ్గర పుస్తకంలో ఉంది, నేను చెప్పిన దానికీ దానికీ తేడా వస్తే పుస్తకమే నమ్మండి.

అయితే నేను బాగుచేశానని ఇందాకటి నుంచి చెప్తున్నాను కదా, సగమే నిజం. ట్రాన్స్‌ఫర్ కేసు నా వల్ల కాలేదు. రెండు గేరు లివర్ల కింద ఉండే డబ్బా అది, బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచుతుంది. దాంట్లో మధ్య షాఫ్టు ఒకటి ఉంటుంది. ఏళ్ళు గడిచేసరికి అది కూర్చునే రంధ్రం అరిగిపోయి, ఎన్ని సీళ్ళు మార్చినా ఆయిలు కారుతూనే ఉంటుంది. కొత్త డబ్బా దొరకదు. పాత సామాన్ల కొట్లలో దొరికినవన్నీ నా దానికన్నా ఎక్కువ అరిగినవే. నలుగురు మెకానిక్కులు "కారనివ్వండి సార్, పోస్తూ ఉండండి" అన్నారు. ఐదో మనిషి గాజువాక ఆటోనగర్‌లో ఒక లేతు షెడ్డు చూపించాడు.

షెడ్డులో కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకున్న మనిషి డబ్బాని అటూ ఇటూ తిప్పి, రంధ్రంలో వేలు పెట్టి చూసి, తర్వాత నా మొహం చూశాడు. "ఏట్రా, గుర్తు పట్టనేదా?" అన్నాడు.

తొమ్మిదో తరగతి దాకా నా బెంచీలో నా ఎడమ పక్కన కూర్చున్నవాడు. వాళ్ళ నాన్న పోర్టులో కలాసీ. కాలు విరిగి మంచాన పడితే ఆ ఏడు దసరా సెలవుల తర్వాత వీడు బడికి రాలేదు. లెక్కల్లో ఎప్పుడూ తప్పేవాడు, లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, వారికి గుర్తుండే ఉంటుంది. ఆ లెక్కల్లో తప్పినవాడు నా డబ్బా రంధ్రాన్ని పెద్దదిగా బోరు చేసి, దాంట్లోకి గొట్టంలాంటి స్లీవు ఒకటి తిప్పి దిగగొట్టి, మళ్ళీ దాన్ని షాఫ్టుకి సరిపోయేలా బోరు చేశాడు. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కల తేడా. అంతకు మించితే ఒప్పుకోలేదు, మొదటి స్లీవు మూడు ముక్కలు వచ్చిందని పక్కన పారేశాడు. నేను సరిపోతుందిలేరా అంటే, "నీకు సరిపోతాది, షాఫ్టుకి సరిపోదు" అన్నాడు. ఏడాది దాటింది. బండి నిలబెట్టిన చోట ఇప్పటిదాకా చుక్క ఆయిలు లేదు.

కమాన్ కట్టల బుష్షులు, స్టీరింగు పిన్నులు, చీలిక మీద వేసిన డైమండు పలక, అన్నీ వాడి చేతివే. ఆదివారాలు మా ఇంటికి వచ్చి నాతో పాటు జీపు కింద పడుకునేవాడు. డబ్బు ఎంత రా అంటే వస్తువు ఖరీదు మాత్రం పైసలతో సహా చెప్పేవాడు, కూలి అడిగితే మాట మార్చేవాడు.

ఈ సభకి రమ్మన్నాను. "నాను మీ బ్యాచీ కాదు కదరా, మధ్యలో పోయినోణ్ణి" అన్నాడు. నేను మన సంఘం సభ్యత్వ ఫారం తెచ్చి చూశాను. "పదవ తరగతి ఉత్తీర్ణులైన సంవత్సరం" అని ఒక గడి ఉంది, అది నింపకపోతే ఫారం చెల్లదు. ఈ సంచిక చివర వేసే సభ్యుల జాబితాలో మా బ్యాచి ఇంజనీర్లు పదకొండుగురు ఉన్నారు, నేను ఒకణ్ణి. మా పదకొండుగురిలో ఆ రంధ్రం బోరు చేయగలవాడు ఒక్కడు లేడు.

అధ్యక్షులవారికి నా విన్నపం ఒక్కటే. మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో ఆ గడి తీసేసి, "ఈ బడిలో చదివిన సంవత్సరాలు" అని మార్చాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు కావాలి. వెనక వరుసలో కబుర్లు ఆపి ఎవరైనా ఒకరు చెయ్యెత్తితే చాలు.

బండి బయట వేపచెట్టు కింద ఉంది. చూడాలనుకున్నవాళ్ళు చూడవచ్చు, కింద పడుకుని చూస్తానంటే చాప కూడా తెచ్చాను. వాడు బండి నడుపుకుంటూ నాతో గేటు దాకా వచ్చాడు గానీ లోపలికి మాత్రం రానన్నాడు, అక్కడే బానెట్టు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు. లెక్కల మాస్టారూ, నేను పిలిస్తే రాలేదు. భోజనాలకి లేచే ముందు మీరొకసారి పిలుస్తారా?